మజ్జిగలో తెల్లటి పొడి

ఒంటిపూట బడి నుంచి వచ్చిన భాగ్య టీవీ ముందు కూర్చుని సీరియల్ హీరోయిన్‌ను తిడుతోంది. అత్త పాలలో ఏదో కలిపి ఇస్తే ఆ పిల్ల నవ్వుతూ తాగేసింది. ఎవరేం చెప్పినా నమ్మే ఆమెను చూస్తే భాగ్యకు ఒళ్లుమంట. తనైతే ఇట్టే కనిపెట్టేసేదాన్ని అనుకుంది.

నీళ్ల కోసం లేచి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపల చిన్నమ్మ వినోద ఏదో తెల్లటి పొడిని నాయనమ్మ మజ్జిగలో కలుపుతోంది.

బాబాయిని పెళ్లి చేసుకుని, బీదర్ పక్క ఊరి నుంచి చిన్నమ్మ ఈ ఇంటికి వచ్చి రెండు నెలలే అయింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. భాగ్యకు అంతా అర్థమైపోయినట్టే అనిపించింది.

చిన్నమ్మ గ్లాసును కునుకు తీస్తున్న నాయనమ్మ మంచం దగ్గర పెట్టి వెళ్లగానే, భాగ్య దాన్ని పెరట్లో పారబోసి వేరే మజ్జిగ తెచ్చి పెట్టింది. మర్నాడూ, ఆ మర్నాడూ అదే పని. ఎవరికీ చెప్పలేదు. నాయనమ్మ ప్రాణం కాపాడుతున్నానని లోలోపల పొంగిపోయింది.

నాలుగో రోజు పొద్దున నాయనమ్మ మంచం దిగబోయి, కళ్లు తిరిగి పడిపోయింది. తల గడపకు తగిలి రక్తం కారింది. అందరూ ఆటోలో దవాఖానకు పరుగెత్తారు.

డాక్టరమ్మ బీపీ చూసి, మాత్రలు ఆపేశారా అని అడిగింది. రోజూ ఇస్తూనే ఉన్నానంది చిన్నమ్మ. నాయనమ్మ మింగలేకపోతోందని, డాక్టరమ్మ చెప్పినట్టే పొడి చేసి మజ్జిగలో కలుపుతోందట.

మూడు రోజులు భాగ్య పారబోసింది మందు.

నాన్న సంగమేశ్వర్ చిన్నమ్మ వైపు తిరిగాడు. "నిజం చెప్పు వినోదా. గోలీలు ఇయ్య మరిచినవా?"

చిన్నమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. భాగ్య నోరు విప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలియదు.

"నేనే పారబోసిన బాపూ," అంది నాన్నతో. "చిన్నమ్మ విషం కలుపుతుందనుకున్న."

నాన్న చెయ్యి పైకి లేచి సగంలో ఆగింది. చిన్నమ్మ భాగ్య వైపు తిరిగింది.

"నన్ను ఒక్క మాట అడగకపోతివి బిడ్డా."

ఆ మాట దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

రెండు రోజులకు నాయనమ్మ తలకు కుట్లతో ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం చిన్నమ్మ ఫోన్‌లో కన్నడంలో మాట్లాడి, పెట్టేసి, గోడవైపు తిరిగి నిలబడింది. తన గురించే చెడుగా చెప్పి ఉంటుందని భాగ్యకు అనిపించింది. వెనక్కి వెళ్లబోయింది. మళ్లీ ఆగి, దగ్గరికి నడిచింది.

"ఎవరితోని మాట్లాడినవ్ చిన్నమ్మా?"

"మా అవ్వతోని."

"అవ్వ అంటే మీ నాయనమ్మనా?"

"కాదు. మా దిక్కు అమ్మనే అవ్వ అంటరు. యాదికొస్తుంది."

భాగ్య ఆమె పక్కన చాప మీద కూర్చుంది. "మీ అవ్వ ఎట్లుంటది?" అని అడిగింది.