డబ్బాకు కట్టిన గుడ్డ

సూరత్ నవాగామ్‌లోని ఒక ఒంటిగది ఇంట్లో ఉదయం ఏడింటికల్లా రెండు అన్నం డబ్బాలు సిద్ధమయ్యాయి. వజ్రమ్మ మూతలు పెట్టింది కానీ, ఆమె కళ్ళు పెద్దకొడుకు మీదే ఉన్నాయి. పరమేశ్వర్ పెట్టె సర్దుతున్నాడు. అతనిది మిల్లులో మగ్గం పని. చిన్నకొడుకు సురేశ్ అదే మిల్లు గేటు దగ్గర ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. నిన్న సాయంత్రం ఆ తమ్ముడే అన్నను గేటు పక్క గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు.

"కోసాడ్‌ల ఖోలీ కిరాయికి చూసిన అవ్వా. జమునను తోలుకపోత," అన్నాడు పరమేశ్వర్.

అతని భార్య జమున బట్టలు మడతపెడుతోంది.

"సూపర్వైజర్ సార్ ఆర్డర్ అన్నా," అన్నాడు సురేశ్, యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ. "నీ డబ్బాకు మిల్లు గుడ్డ కట్టి ఉండె. ఇడిసిపెడితే నా నౌకరి పోతుండె."

"దొంగనైతే పోలీసులను పిలువుండ్రి! మూడు గంటలు లోపలేసి, దొంగనని సంతకం పెట్టుమననీకి మీరెవరురా?"

"గేటు లోపల పోలీసులం మేమే అంటడు సార్."

వజ్రమ్మ ఇద్దరి నడుమకు వచ్చింది. "గా గుడ్డ నేనే కట్టిన బిడ్డా. డబ్బా సంచి ఉతికితే ఆరలేదు. నాలుగేండ్ల కింద దివాలీకి మిల్లు మాస్టర్ అందరికీ పంచిన ముక్క గది."

"గదే చెప్పిన! ఎవడిన్నడు?"

"నేనిన్న," అన్నాడు సురేశ్ నేల చూస్తూ. "నాకెరికే. నేను మొకం తుడుచుకునేది గూడ గా గుడ్డనే. నోరు పెగల్లేదన్నా."

పెట్టెలు గడప దాటడం వజ్రమ్మకు కొత్త కాదు. వెనుకట భర్త పెట్టె పట్టుకుని సూరత్ వచ్చాడు. తిరిగి ఊరికి పెట్టె ఒక్కటే వచ్చింది.

"ఎరికుండి గొళ్ళెం పెట్టినవా?" అందామె. "నేను ఇద్దరికీ ఒక్క కుండల వండుతలేనా కొడుకా?"

సురేశ్ కళ్ళు తుడుచుకున్నాడు. దండెం మీది తన దివాలీ గుడ్డ తుండు తీసి తల్లి చేతిలో పెట్టాడు. "నా డబ్బా దీంతోని కట్టు. సార్ ముందటనే ఇప్పుత. దివాలీ గుడ్డ అని నేనే రాసిస్త. అన్నను దొంగంటే నన్ను గూడ లోపలెయ్యాలె."

"నౌకరి పోతదిరా."

"పోనీయవ్వా."

పరమేశ్వర్ పెట్టెను పక్కకు నెట్టాడు. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఒక్కనివే ఏం పోతవ్? జర ఆగు."

వజ్రమ్మ ఆ తుండును నడిమికి చింపి రెండు డబ్బాలకూ కట్టింది. జమున పెట్టెలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది.

కొడుకులిద్దరూ గల్లీ మలుపు తిరిగారు. వజ్రమ్మ అలవాటుగా గొళ్ళెం మీద చెయ్యి వేసింది. వెయ్యబుద్ధి కాలేదు. తలుపు బార్లా తెరిచి, గడప మీదే కూర్చుంది.