ఒక్క గుటక వైన్

బొలెరో గుంతలో పడి లేస్తుంది.

మహిమ తల డోర్‌కి ఠపీమని కొట్టుకుంటుంది!

అరుద్దామంటే నోటికి టేపు. చేతులకు తాడు.

చర్ల బోర్డు దాటి ఎంతసేపైందో తెలీదు. సాయంత్రం అయిదే... కానీ వానకు అడవి అప్పుడే నల్లబడింది.

మధ్యాహ్నం ఖమ్మంలో, హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో పాఠం ముగించింది. ఖానాపురం హవేలిలోని ఇంటికి పోదామని షేర్ ఆటో కోసం నిలబడింది. ఆటో రాలేదు. ఈ బండి వచ్చింది.

ఎందుకు? నేనేం చేశాను?

కీచుమని బ్రేక్!

చర్ల అవతల, టేకు చెట్ల మధ్య ఒక ఫామ్‌హౌస్. వరండాలో ఒక మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. పెదవి చిట్లింది. తల వెనక తుపాకీ!

లోపల సోఫాలో జంపయ్య.

ఆ పేరు వింటే ఫారెస్టు గార్డులు దారి మార్చుకుంటారు. అతని టేకు లారీలకు అడ్డొచ్చినవాళ్లు మళ్లీ ఎవరికీ కనిపించరు.

అతని మనుషులు మహిమ కట్లు విప్పుతారు. టేపు పీకేస్తారు.

"భయపడకు మేడమ్. నిన్ను చంపనీకి తేలే." జంపయ్య నడుముకున్న పిస్టల్ తీసి టేబుల్ మీద పెడతాడు. "హైదరాబాద్ల పెద్ద హోటల్ల తొమ్మిదేండ్లు వైన్ రుచి చూసే కొలువు చేసినవంట గదా. ఒక సీసా చూడాలె. గంతే."

"తర్వాత... నన్ను పంపిస్తరా అన్నా?"

"నిజం చెప్తే పంపిస్త. బయటున్నోడు సంతోష్. సీసా అమ్మింది వాడే. నకిలీ అయితే వాడు ఇక్కడనే ఖతం. నువ్వు అబద్ధం చెప్తే నువ్వు గూడ."

మహిమ తలాడిస్తుంది.

"లతా! తే!"

జంపయ్య భార్య నాగలత వంటింట్లోంచి సీసా తెస్తుంది. "గాలి తగలాలెనంట గదా. అరగంట ముందే మూత తీయమన్న," అంటాడు జంపయ్య.

లేబుల్ చూస్తుంది మహిమ. ఫ్రాన్స్. వైన్‌కి పేరుబడ్డ బోర్డో ప్రాంతం. 1982!

ఒక్క క్షణం భయం కూడా మర్చిపోతుంది. ఎండలు సరిగ్గా కాసి ద్రాక్ష నిండుగా పండిన ఏడాది. ఆ అంకె చెబితే వైన్ తెలిసినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. తొమ్మిదేళ్లలో ఆమెకు దక్కింది రెండేసార్లు. అదీ చెంచాడు.

నాగలత గ్లాసులో పోస్తుంది. సీసా మూతి గ్లాసు అంచుకు టకటకమని కొట్టుకుంటోంది. ఆమె మణికట్టు మీద సిగరెట్ కాల్చిన మచ్చలు... వరసగా!

మహిమ గ్లాసు వంచి లైటు కింద చూస్తుంది. నడుమ దానిమ్మ ఎరుపు. అంచు దగ్గర ఇటుక రంగు. కొత్త వైన్‌కి ఈ రంగు రాదు.

నకిలీ కాదు!

ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. పొగాకు... దేవదారు చెక్క... తడిసిన మట్టి... వాటి కింద...

ఆగిపోతుంది.

పురుగుమందు!

పత్తి చేల పక్కన పెరిగిన మనిషికి ఆ వాసన ఎవరూ నేర్పనక్కర్లేదు.

తలెత్తుతుంది. జంపయ్య వెనక నాగలత. కళ్లనిండా నీళ్లు. చెప్పొద్దన్నట్టు తల ఊపుతోంది... చిన్నగా.

నకిలీ అంటే సంతోష్ చస్తాడు. అసలంటే జంపయ్య తాగి చస్తాడు. మందు కలిసిందంటే నాగలత చస్తుంది!

"ముక్కుతోటి కాదు. నాలుకతోటి చెప్పు. జల్దీ!"

గ్లాసు పెదాలకు ఆనిస్తుంది. పళ్లు బిగిస్తుంది.

దేవుడా... ఒక్క చుక్క లోపలికి పోతే?

బుగ్గలు ఆడించి, పక్కనున్న టవల్లో ఉమ్మినట్టు చేస్తుంది. పెదాలు మంటపుట్టేదాకా తుడుచుకుంటుంది.

"మింగలేదేంది?"

"మా కొలువుల అందరం ఉమ్మేస్తం అన్నా. మింగితే మత్తెక్కి రుచి తెల్వదు."

"అయితే చెప్పు. ఏందిది?"

"అసలుదే. సంతోష్ మోసం చెయ్యలే. కానీ... వేడికి పాడైంది. పారబోయిండ్రి."

జంపయ్య నవ్వుతాడు.

"నలభై ఏండ్లు దాచిన దాన్ని పారబొయ్యాల్నా? పాడైనా సరే... ఒక్క గుటక చూస్త."

గ్లాసు లాక్కుంటాడు. పైకెత్తుతాడు...

మహిమ నోరు మూసుకుంటే చాలు. కానీ కళ్లముందే ఒక మనిషి విషం మింగుతుంటే ఎలా చూడటం?

"తాగకు!"

చెయ్యి విసురుతుంది. గ్లాసు ఎగిరి గోడకు తగులుతుంది. భళ్లున పగులుతుంది!

జంపయ్య తడిసిన చొక్కా ఎత్తి వాసన చూస్తాడు. ముఖం మారిపోతుంది.

"లతా... మూత తీసింది నువ్వే గదా?"



అతని చెయ్యి పిస్టల్ కోసం టేబుల్ మీదికి పోతుంది.

టేబుల్ ఖాళీ!

గిర్రున వెనక్కి తిరుగుతాడు.

"ఈ చెల్లె నిన్ను బతకనిచ్చింది," అంటుంది నాగలత. "నేను బతకనియ్య."

ఢాం!