సంచి దొర్లని బండి

జగన్నాధం తన షాపులో సైకిల్ ట్యూబుకి పంక్చర్ వేస్తున్నాడు. ముందున్న బల్ల మీద రెండు ముక్కలైన కర్ర ఒకటి టక్కున పడింది. ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా ఓ అమ్మాయి నిలబడి ఉంది. జడ నిండా జనపనార పీచు.

"ఇది దొర గోల్ఫ్ కర్ర. ఇరగ్గొట్టింది నువ్వు" అంది.

గోల్ఫ్ ఆట జగన్నాధం ఎన్నడూ చూడలేదు. ఈ అమ్మాయినీ చూడలేదు.

"నానా?"

"నువ్వే. జూట్ మిల్లు గుమాస్తా నీ చేత రెండు చక్రాల బండి సేయించలేదేటి?"

చేయించాడు. పోయిన వారమే. విజయనగరం మొత్తానికి అలాంటి బండి అదొక్కటేనని జగన్నాధం నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

ఆమె పేరు చిన్నతల్లి. మిల్లులో గోనెసంచులు కుడుతుంది. తండ్రి గంగులు పన్నెండేళ్లుగా మిల్లు మేనేజరు దొర వెనకాల గోల్ఫ్ కర్రల సంచి మోస్తున్నాడు. ఈ ఏడు భుజం పట్టేసింది. మోయలేకపోతే లాగమని దొర బండి చేయించాడు. మొన్న పల్లంలో సంచి దొర్లి, కర్రలు కింద పడి, ఒకదాని మీద చక్రం ఎక్కింది.

"ఆదివారం మల్లా పడితే మా అయ్య పని పోతాది. దొర సెప్పీసినాడు."

"బండి బాగానే ఉన్నాది. మీ అయ్యకి లాగడం రాదేమో."

చిన్నతల్లి అతన్ని ఒక్క క్షణం చూసింది. "అయితే నువ్వే లాగు. పద."

మిల్లు వెనక పచ్చిక మైదానం. అప్పుడే వాన వెలిసింది. జగన్నాధం హ్యాండిల్ పట్టుకుని దర్జాగా నడిచాడు. పది అడుగులైనా కాలేదు, వెనక దబ్బుమని చప్పుడు. సంచి బురదలో బోర్లా పడి ఉంది. కర్రలు చెల్లాచెదురు. హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తను చేసిన వస్తువు కళ్ల ముందే ఇలా అవడం అదే మొదటిసారి.

చిన్నతల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. అతని మొహం చూసి కొంగు అడ్డం పెట్టుకుంది.

"బరువంతా పైనున్నాది" అంది, కర్రలు ఏరుతూ. "నడుం దగ్గర ఒక్కటే పట్టీ కట్టినావు. అది తిరిగిపోదేటి? మెడ దగ్గరా కట్టాల. సంచి అడుగు కదలకుండా ఆనాల."

"నీకెలా తెలుసు?"

"రోజూ బస్తాల మజ్జినే ఉంతాను."

మర్నాటి నుంచి ఆమె పని దిగగానే షాపుకొచ్చేది. అతను చక్రాలు ఎడంగా జరిపాడు, సంచి అడుగు దిగేలా రేకు గిన్నె బిగించాడు. తోలు పట్టీ జారుతోందని ఆమె గోనె పట్టీలు మందంగా కుట్టింది. అతను పట్టీ పట్టుకుంటే ఆమె దబ్బనం దించేది.

"అమ్మా" అన్నాడతను ఓ సాయంత్రం, దబ్బనం గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని.

"పట్టీని సూడమన్నాను. నన్ను కాదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. బయట మళ్లీ వాన మొదలైంది. గొడుగు మూలనే ఉన్నా, ఇద్దరిలో ఎవరూ దాని మాట ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్న గంగులు బండి లాగాడు. పల్లం దిగింది. గట్టెక్కింది. రాయి మీద చక్రం ఎగిరింది. చిన్నతల్లి పక్కన నిలబడి చూస్తున్న జగన్నాధం ఒక అడుగు ముందుకేశాడు. సంచి కదల్లేదు. ఆట ముగిశాక దొర సంచిని చేత్తో గట్టిగా తోసి చూశాడు. అయినా కదల్లేదు. తలూపి, గంగులు బాగున్న భుజం తట్టి వెళ్లిపోయాడు.

గంగులు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "మీదే ఊరు, బాబూ?"

"నరసన్నపేట పక్కన."

"మీయమ్మ పేరు?"

"అప్పలనరసమ్మ."

"ఓలమ్మా, నాకు అప్ప వరస. అయితే పిల్లకి నువ్వు బావవే. మంచిదైపోనాది. ముహూర్తం ఎప్పుడెట్టమంతావు?"

"దేనికి?"

"పెల్లికిరా. నిన్ను సేసుకుంతానని రాత్రే సెప్పీసినాది."

జగన్నాధం వెనక్కి తిరిగి చూశాడు. చిన్నతల్లి సిగ్గుపడి పారిపోలేదు. అక్కడే ఉంది, కాకపోతే కొంగు కొనను వేలికి చుట్టి చుట్టి నలిపేస్తోంది.

"నాతో ఒక్క మాటైనా అన్లేదు" అన్నాడు.

"బయమేసినాది" అంది మెల్లగా. "నువ్వు కాదంతే ఆ షాపుకెలా వస్తానని."

నాలుగు రోజులుగా కసిరిన పిల్ల ఇంత మెల్లగా మాట్లాడడం జగన్నాధం ఎన్నడూ వినలేదు.

"కాదనను" అన్నాడు. "నాకూ అదే బయం. అందుకే పని తొరగా అవనివ్వలేదు. గిన్నె మొదటి రోజే బిగించీయొచ్చు."

చిన్నతల్లి కళ్లు పెద్దవి చేసింది. "మూడు సార్లు ఇప్పి బిగించినావు, బావా."

"అవును."

గంగులు బండి హ్యాండిల్ మీద చెయ్యి వేసుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బండి లాక్కుంటూ మిల్లు వైపు నడిచాడు.