పేరద్దంలో లేని రోకలిబండ

సువర్చల మారేడుమిల్లి కొండవాలు మీద పొద్దుటి నుంచి నడుస్తూనే ఉంది. కళ్లకున్న పేరద్దం తన పని చకచకా చేసుకుపోతోంది. మద్ది అని ఒకచోట, వెదురు అని ఇంకోచోట, గండుచీమ అని మరోచోట అక్షరాలు గాల్లో వెలుగుతున్నాయి. జాబితాలో ఉన్న ప్రతిదాని పేరూ చెప్పడం ఆ అద్దం పని. జాబితాలో లేనిదాన్ని మరుగుపొర కప్పేస్తుంది, చెవిపూస దాని చప్పుడును మింగేస్తుంది. కంటికీ చెవికీ అనవసరపు శ్రమ ఎందుకని పెద్దల దయ! మూడో ఏటి నుంచీ అద్దంతోనే బతికే జనం, లోకంలో పేరు లేనిదే లేదని హాయిగా నమ్మేశారు.

కొండ ప్రాణుల్ని లెక్కగట్టే ఉద్యోగం ఆమెది. సాయంత్రం నాలుగింటికి సంతకం పెట్టాలి, ఈ వాలులో కొత్తదేదీ లేదని. పెట్టిందా, రేపే యంత్రాలొచ్చి కొండను చదును చేస్తాయి. పేరు లేని ప్రాణి ఒక్కటి దొరికి, దాన్ని వర్ణించి పంపితే మాత్రం కొండ జోలికి ఎవరూ రారు. నాలుగేళ్లు వెతికినా ఒక్కటీ దొరకలేదు. పేరు లేనిది కనబడితేగా దొరకడానికి!

చెమట కళ్లలోకి దిగి మండింది. సువర్చల అద్దాన్నీ చెవిపూసనూ తీసి చున్నీతో మొహం తుడుచుకుంది. కళ్లు తెరిచేసరికి పాదం పక్కన, రాలిన వెదురాకుల మీద ఏదో పాకుతోంది. చిటికెనవేలంత పొడవు. నేరేడుపండు రంగు ఒళ్లు, ప్రతి కణుపుకీ అటూ ఇటూ పసుపు చుక్క. వందకు పైగా కాళ్లు వరసగా లేచి దిగుతుంటే గాలికి వరిచేను ఊగినట్టుంది.

"అమ్మో!" అంది సువర్చల.

"ఇప్పటికి కనబడిందా అమ్మాయ్?"

ఉలిక్కిపడి తలెత్తింది. నాలుగడుగుల దూరంలో బండ మీద ఒక ముసలావిడ కూర్చుని కొండచీపుర్లు కట్ట కడుతోంది.

"అవ్వా, నువ్వెప్పుడొచ్చావు?"

"నేనెక్కడికి పోయానని? ఇక్కడే పుట్టా. నాలుగేళ్ల బట్టి పిలుస్తానే ఉన్నా, నువ్వు పలక్కుండా పోతానే ఉన్నావు. పట్నపోళ్ల పొగరనుకున్నా."

ఆ మాట సువర్చల తలకెక్కలేదు. ప్రాణమంతా పురుగు మీదే ఉంది, గంట రెండు దాటింది. "దీన్నేమంటారవ్వా?"

"నేరేడు రోకలిబండ. ముట్టుకో, చుట్ట చుట్టుకుంటది. వాసన చూడు."

పగలగొట్టిన మామిడి జీడి వాసన. చేతిపలక మీద రాసుకుంది. కణుపులు లెక్కపెట్టింది, నలభై ఒకటి. అద్దం చెప్పకుండా దేన్నీ వర్ణించి ఎరగదేమో, మాట మాటకీ తడుముకుంటుంటే అవ్వే అందించింది. తర్వాత అవ్వ రాలిన ఆకుల్ని ఒక్కో పొరా మెల్లగా విప్పింది. అడుగున కుంకుడు గింజంత మట్టి గది, అందులో ఆవగింజలో సగం కూడా లేని గుడ్లు. తల్లి రోకలిబండ ఆ గదిని చుట్టుకుని కదలకుండా పడుకుంది.

"ఆకు తిని మన్ను చేస్తది," అంది అవ్వ. "నువ్వు నిలబడ్డ మన్నంతా దీని కడుపులోంచి వచ్చిందే."

సువర్చల కాళ్ల కిందికి చూసుకుంది. ఇంత అడవినీ నిలబెట్టిన నేల ఈ చిటికెనవేలు ప్రాణి నమిలి పెట్టినదా! చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా వర్ణన పంపింది. జవాబు అద్దంలోకే వస్తుంది. అద్దం, చెవిపూస మళ్లీ పెట్టుకుంది. ఆకుల మీద అక్షరాలు మెరిశాయి. నేరేడు రోకలిబండ. కొత్త జాతి. ఈ వాలును ముట్టరాదు.

"అవ్వా, గెలిచాం!" అంటూ తిరిగింది.

బండ ఖాళీగా ఉంది.

అంతలో మోటు చెయ్యి ఒకటి ఆమె భుజం మీద పడింది. బరువు తెలుస్తోంది, వేళ్లు తెలుస్తున్నాయి, మనిషి మాత్రం లేదు. పురుగు ఒక్క పూటలో జాబితాకెక్కింది. ఈవిడ పుట్టాక ఇన్నేళ్లలో ఒక్కరూ ఎక్కించలేదు.

సువర్చల అద్దం, చెవిపూస ఊడబెరికింది. అవ్వ నవ్వుతూ ఎదురుగానే నిలబడి ఉంది.

"అవ్వా... నీ పేరు?"

"పురుగు పేరు ముందడిగావు కదే తల్లీ! కోసమ్మ. రాసుకో," అంది అవ్వ, చీపురుకట్ట చంకన పెట్టుకుంటూ. "పైన మా ఊళ్లో ఇంకా ముప్పై ఇళ్లున్నాయి. నడవగలవా?"