మనిషి లేని గదిలో స్విచ్

ఆ ఇంటి మేడమీది మూలగదికి మంచి పేరు లేదు. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ గదిలో ఆట పెడితే కంప్యూటర్ పదకొండు నిమిషాలకు మించి బతకదని ఇంటివాళ్లే చెప్పుకునేవారు. నేను చూడలేదు. చూసొచ్చినవాడు మా బావ. కంప్యూటర్లు బాగుచేస్తాడు. కథ అల్లేంత ఊహ ఆయనకు లేదు, అందుకే నమ్మాను.

గది ఆ ఇంటి తాతగారిది. ఆయన పోయి ఏడాదైంది. బతికున్నన్నాళ్లూ ఆయనకి ఒకటే పని. ఎవరైనా గదిలోంచి లేస్తే చాలు, వెనకాలే వెళ్లి స్విచ్‌లు కట్టేసేవారు. ముందు లైటు... తర్వాత ఫ్యాను... ఆఖరికి ప్లగ్గు. అప్పుడు తలుపు దగ్గరగా వేసేవారు. "మనిషి లేని గదికి కరెంటెందుకు?" అనేవారు.

ఆయన పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురు — నానమ్మ, ఆవిడ కొడుకు, మనవరాలు. ఆ మనవరాలు ఒక్కో భాగం కొనుక్కొచ్చి, ఆటలాడుకోవడానికి ఓ కంప్యూటర్ తనే బిగించుకుంది. తాతగారి గదిలో పెట్టుకుంది.

మొదటి రోజు ఆట మంచి రసపట్టులో ఉంది. శత్రువులు నాలుగు పక్కలా కమ్ముకున్నారు...

తెర నల్లబడింది.

చప్పుడు లేదు, హెచ్చరిక లేదు. లోపలి ఫ్యాన్లు ఆగిపోయాయి. గది లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. గడియారం చూసింది. పదకొండు నిమిషాలు.

మర్నాడూ అంతే. వైర్లు మార్చింది. ప్లగ్గు మార్చింది. పెట్టె లోపల కరెంటు అందించే పవర్ సప్లై స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చి తగిలించింది. ఉత్తరాలు రాసుకుంటే గంటలకొద్దీ బుద్ధిగా నడిచేది. ఆట పెడితే మాత్రం — పోయేది.

ఆమె తండ్రికి అది చాలింది. "నాన్నకి ఆటలంటే పడేది కాదు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆయనే ఆపేస్తున్నారు."

ఆదివారం గది ఖాళీ చేద్దామన్నాడు. తాతగారి కుర్చీ, బీరువా ఎవరికైనా ఇచ్చేసి తాళం వేసేద్దామన్నాడు.

నానమ్మ ఒప్పుకోలేదు. దెయ్యాలు లేవని ఆవిడ వాదన కాదు. "మనిషి కూర్చున్న గదిలో మీ నాన్న స్విచ్ మీద చెయ్యి వేయగా ఎప్పుడైనా చూశావట్రా?" అంది. "పిల్లని కూర్చోబెట్టి ఆపేసే మనిషా ఆయన?"

పోయినాయన మీద లేనిపోని నింద పడిందని ఆవిడకి అన్నం సయించలేదు. శనివారం సాయంత్రం తనే మా బావకి కబురు పెట్టింది.

బావ వెళ్లేసరికి హాల్లో రిమోట్ ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఫ్రిజ్ తలుపు మీద షాపువాళ్లు అంటించిన పొర పసుపు రంగుకి తిరిగి ఇంకా అలాగే ఉంది. ఆయన అదేమీ పట్టించుకోకుండా మేడెక్కాడు.

తండ్రి గడప దాటి లోపలికి రాలేదు. బావ ఆట పెట్టి, తెర మీద ఓ మూల వేడి ఎంతుందో చూపించే అంకె తెప్పించాడు. నానమ్మ కుర్చీలో కూర్చుని గోడ మీది స్విచ్‌నే చూస్తోంది.

డెబ్బై... ఎనభై తొమ్మిది... తొంభై ఏడు...

"స్విచ్ కదలదు బాబూ, చూస్తూండు," అంది నానమ్మ చిన్నగా.

తొంభై తొమ్మిది... పోయింది.

స్విచ్ కదల్లేదు.

బావ పెట్టె పక్క రేకు విప్పాడు. లోపల కంప్యూటర్‌కి మెదడులాంటి చిప్ ఉంటుంది. దాని వేడి లాగడానికి పైన ఓ రాగి దిమ్మ, దాని మీద ఫ్యాను ఉంటాయి. స్క్రూలు తీసి ఆ దిమ్మ పైకెత్తాడు. దాన్ని తిరగేసి చూశాడు. తర్వాత గోటితో గీరి, దిమ్మ అడుగు నుంచి పల్చటి ప్లాస్టిక్ పొర ఊడదీశాడు.

"ఇది ఉంటే వేడి పైకి రాదు. ఆట పెడితే చిప్ కాగిపోతుంది, కాలిపోకుండా తనే ఆగిపోతుంది," అన్నాడు. "బిగించే ముందు తీయాలి కదమ్మా?"

"తీయబోయాను అన్నా," అంది మనవరాలు. "నాన్న ఆగమన్నారు. కొత్తది కదా, గీతలు పడతాయని..."

నానమ్మ కొడుకు వైపు చూసింది.

"మీ నాన్న మీదకి తోసేశావు కదరా."

ఆయన గడప అవతల నిలబడి తన కాళ్లే చూసుకున్నాడు.

బావ దిమ్మ తుడిచి, వేడి లాగే కొత్త పేస్టు రాసి బిగించాడు. ఆట దానంతటది నడిచేలా పెట్టాడు. వేడి అరవై దాటలేదు. పదకొండో నిమిషం వచ్చింది, వెళ్లింది. ఓ గంట నడవనిద్దామని అందరూ టీకి కిందికి దిగారు. ఆ సంబరంలో లైటు, ఫ్యాను కట్టేయడం ఎవరికీ గుర్తులేదు.

"రేపు గది ఖాళీ చేసే పని లేదులే అమ్మా," అన్నాడు కొడుకు. బావ టీ సగం తాగాడు.

పైన — టక్.

ఎవరూ కదల్లేదు.

టక్...

నానమ్మ గ్లాసు కింద పెట్టింది. చాలాసేపటికి ఇంకొకటి. టక్.

తర్వాత తలుపు మెల్లగా దగ్గరకి పడిన చప్పుడు.

"కరెంటు పోయినట్టుంది," అన్నాడు కొడుకు. ఆయన నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

నలుగురూ ఒకే బల్ల చుట్టూ ఉన్నారు. ఇంట్లో ఐదో మనిషి లేడు. పని మీద వచ్చినవాడు తనే కాబట్టి బావే ముందు మెట్లెక్కాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాడు. లోపల చీకటి. సెల్‌ఫోన్ వెలుగులో గోడ చూశాడు. మూడు స్విచ్‌లూ కట్టేసి ఉన్నాయి.

వెనకాలే నానమ్మ ఆయాసపడుతూ వచ్చింది. స్విచ్‌లని చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఇదీ... ఆయన పనంటే," అంది. "గదిలో మనిషి లేడుగా మరి."