దిగుడు మిట్ట

“పిచ్చుకా... ఓ పిచ్చుకా... దిగు. మెల్లిగా.”

మగ గొంతు. కేకేం కాదు— పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు.

రొట్టెల వ్యాను డ్రైవరు బ్రేకు మీద కాలేసి అలాగే ఉండిపోయాడట. ఎదురుగా, గోదాముల వెనక పాత రోడ్డు మీద, పసుప్పచ్చ కారొకటి ఆగి ఉంది. ఇద్దరు పట్టే రకం, నేలని కరుచుకున్నట్టు ఉండే బండి. దాని ఎడమ తలుపు తెరుచుకుంది.

ఎవరూ దిగలేదు.

తలుపు మూసుకుంది. కారు మెల్లిగా మిట్ట ఎక్కింది. అప్పుడు వినబడిందట— గర్ర్‌ర్... అని, రాయి మీద రేకు పెట్టి ఈడ్చినట్టు. మిట్ట దాటాక మళ్ళీ ఆగింది. మళ్ళీ ఎడమ తలుపు తెరుచుకుంది.

“ఎక్కు పిచ్చుకా.”

ఎవరూ ఎక్కలేదు.

“మా అమ్మ మీద ఒట్టు, పురుగు కూడా లేదక్కడ” అన్నాడు డ్రైవరు, మా షెడ్డులో టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని. “వ్యాను వెనక్కి తిప్పేశాను. ఆ రోజు రొట్టెలన్నీ ఆలస్యమే.”

ఆ మిట్టకి అప్పటికే చెడ్డపేరు. నీళ్ళ గొట్టం వేసి, పైన సిమెంటు పోసి, చదును చెయ్యకుండా వదిలేసిన గట్టు అది. రోడ్డుకి అడ్డంగా పడుకున్న మనిషి వీపులా ఉంటుంది. అక్కడ ఏదో దిగుతుంది, ఏదో ఎక్కుతుంది అని చెప్పుకుంటారు. దిగుడు మిట్ట అంటారు. చీకటి పడ్డాక లారీలవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారు.

నాకలాంటి మాటలంటే ప్రాణం. పదో తరగతితో చదువాగింది, అప్పట్నుంచీ కార్ల సీట్లకి కవర్లు కుడతాను. మిషను తొక్కుతూ లోపల్లోపల కథలు అల్లుకుంటాను. షెడ్డులో సగం నాది, సగం మా మావయ్యది. మావయ్యని అందరూ స్ప్రింగుల మేస్త్రీ అంటారు. కొలబద్దకి చిక్కనిదేదీ లేనట్టే ఆయన లెక్క. దెయ్యం అన్నా “ఎన్ని మిల్లీమీటర్లు?” అని అడిగే రకం.

ఆ రోజు మాత్రం అడగలేదు. పసుప్పచ్చ కారు అన్న మాట వినగానే ఆయన చేతిలో స్పానరు జారి కింద పడింది. తీసుకోలేదు కూడా.

వారం తిరక్కుండా ఆ కారు మా షెడ్డు ముందుకే వచ్చింది.

దిగినాయన కళ్ళజోళ్ళ షాపాయన. అద్దాలు అరగదీసే మనిషి, వేళ్ళు సన్నగా, శుభ్రంగా ఉంటాయి. మూడేళ్ళ క్రితం మావయ్య దగ్గరే ఈ కారుకి కాయిలోవర్లు వేయించుకున్నాడట. అంటే స్ప్రింగూ షాకబ్జార్బరూ కలిసి ఒకే గొట్టంగా ఉండే సెట్టు. గొట్టం చుట్టూ మరలుంటాయి, వాటి మీద ఒక రింగు. రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది.

“అన్నా” అన్నాడు గొంతు తగ్గించి. “ఒక్కడినే ఉన్నా తగులుతోంది.”

మావయ్య ఆయన మొహం చూడలేదు. “స్ప్రింగులు కుంగుంటాయి తమ్ముడూ. పాతబడ్డాయిగా.”

“ఇదివరకు ఇద్దరుంటేనే తగిలేది.”

“చెప్పాగా... కుంగుంటాయి.”

“అయితే కొత్త సెట్టు వేద్దాం. ఈసారి సరైంది ఎంచుకోవాలన్నా. ఈసారి తప్పు చెయ్యకూడదు నేను.”

మావయ్య మూడు పెట్టెలు దించి బల్ల మీద పరిచాడు. ఒకటి పందేలవాళ్ళు వేసుకునేది, రాయిలా గట్టిది. రెండోదానికి పైన చిన్న మర ఉంది, టిక్కుటిక్కుమని తిప్పుకుంటే మెత్తగానా గట్టిగానా అన్నది మన ఇష్టం. మూడోదానికి అడుగున ఇంకో రింగుంది, స్ప్రింగుని నొక్కకుండానే ఎత్తు మార్చుకోవచ్చు. మామూలుగా మగవాళ్ళు వీటి ముందు నిలబడితే పెళ్ళిచూపులే— రంగేంటి, పేరేంటి, మలుపులో ఎలా పట్టుకుంటుంది అని.

ఆయన ప్రతి పెట్టె దగ్గరా ఒక్కటే అడిగాడు.

“ఇద్దరు కూర్చుంటే ఎంత దిగుతుంది?”

పక్క షెడ్డులో రేడియేటర్లు బాగుచేసే కుర్రాళ్ళు నవ్వుకున్నారు. “సారు రెండో పెళ్ళికి రెడీ” అన్నాడొకడు. మావయ్య వాడి వైపు చూసిన చూపుకి షెడ్డంతా ఊరుకుంది.

మూడోది ఖాయం చేశారు.

ఈలోపు నేను సీటు సంగతి చూడబోయాను. డ్రైవరు సీటు అంచు చిరిగింది. ఎడమ సీటుకి చిరుగు లేదు గానీ, లోపల స్పాంజి అణిగి చిన్న గుంట పడింది. మనిషి ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

“ఇందులో కొత్త స్పాంజి కూరేయనా అన్నా?”

“వద్దమ్మా!” గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత సిగ్గుపడ్డాడు. “అది... అలా ఉండనీ.”

నేను డ్రైవరు సీటు కుడుతుంటే, స్టూలు మీద కూర్చుని తనే చెప్పుకొచ్చాడు. పిచ్చుక అంటే ఆయన భార్య. ఆ పేరు ఆయన పెట్టుకున్నదే. వాళ్ళిల్లు పాత రోడ్డు చివర. షాపు మూసి ఇద్దరూ ఈ కారులోనే ఇంటికి పోయేవాళ్ళు. కాయిలోవర్లు వేశాక కారు అందంగా దిగింది గానీ, ఇద్దరూ కూర్చుంటే మిట్ట దగ్గర కడుపు గీరుకునేది. అందుకని ఆమె రోజూ మిట్టకి ఇవతల దిగేది. గట్టు మీద నుంచి గెంతి, అవతల నిలబడి, చెయ్యి చాపి— “ఏమండోయ్, లిఫ్టిస్తారా?” అనేది. ఈయన— “ఎందాకా అమ్మా?” అనేవాడు. ఆమె— “మీరెందాకా పోతే అందాకా.”

రోజూ అదే మాట. రోజూ అదే నవ్వు.

ఒక రాత్రి ఆమె దిగింది. గట్టు దాటింది. చెయ్యి చాపింది.

లైట్లు లేని లారీ...

నా సూది ఆగిపోయింది.

“నేను ఎంచుకున్న సెట్టే తక్కువ రకంది” అన్నాడాయన, తన వేళ్ళు చూసుకుంటూ. “వేయించిన వారానికే వచ్చి అడిగాం, కాస్త లేపమని. ఇంతకంటే లేవదు, నువ్వెంచుకున్నదే అంత అన్నాడు మీ మావయ్య. ఆయనేం చేస్తాడు పాపం? షోకు నాది. మంచిది ఎంచుకునుంటే పిచ్చుక దిగాల్సొచ్చేదే కాదు.”

“మరి... ఇప్పుడు రోజూ ఆపుతారా?”

“ఆపకపోతే అది ఎక్కడ ఎక్కుతుందమ్మా?”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకోసం అలా తలుపు తీసేవాడుంటే చచ్చిపోయినా ఫరవాలేదనిపించింది. పొద్దున్న ఆ మాట మావయ్యతో అంటే తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఊడదీసిన పాత స్ప్రింగుల్ని కొలుస్తున్నాడు. ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నాలుగూ నేల మీద నిలబెట్టి మూడోసారి కొలిచాడు.

“కుంగాయా మావయ్యా?”

స్ప్రింగులు గోనెలో వేసి మూతి బిగించాడు.

నేను తర్వాత విప్పి చూశాను. నాకూ కొలవడం వచ్చు. అవి వెంట్రుకవాసి కూడా కుంగలేదు.

కొత్త సెట్టు ఎక్కించిన రోజు ఎడమ సీట్లో కూర్చోడానికి మనిషి కావాల్సొచ్చింది. ఆయన డ్రైవరు సీట్లో ఉన్నాడు.

“పిచ్చుక ఎంతుండేది తమ్ముడూ?” అడిగాడు మావయ్య, నేల వైపు చూస్తూ.

“యాభై నాలుగు.”

“నువ్వెంతే?” అన్నాడు నాతో.

“ఆడపిల్లని బరువడగొచ్చా?”

మామూలుగా అయితే ఓ జోకు విసిరేవాడు. ఆ రోజు మొహం నల్లబడింది. “అడగాలి” అన్నాడు. “అడగాల్సిందే.”

నేనూ యాభై నాలుగే. కూర్చున్నాను. గుంట నాకు సరిగ్గా సరిపోయింది.

మిట్ట అంత ఎత్తు చెక్క కారు కింద పెట్టి మావయ్య కొలిచాడు. ఇద్దరుంటే పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ. నేను దిగాక మళ్ళీ కొలిచాడు. పద్దెనిమిది. సుద్దతో గోడ మీద రాశాడు— ఒకరు 18, ఇద్దరు 12.

“షెడ్డులో కొలత కాదన్నా” అన్నాడు కళ్ళజోళ్ళాయన. “అక్కడ చూడాలి. ఆ వేళకి.”

వెళ్ళాం— కారులో ఆయనా, ఎడమ సీట్లో నేనూ.

గోదాముల గోడలు దాటాక దీపాల్లేవు. గాలి లేదు. మావయ్య స్కూటరు మీద ముందే వెళ్ళి గట్టు మీద మెత్తటి బంకమట్టి ముద్ద అంటించాడు, కారు కడుపు దాన్ని నొక్కాక ఎంత మందం మిగిలితే ఖాళీ అంత అని. టార్చి పట్టుకుని, డ్రైవరు పక్క రోడ్డంచున బోర్లా పడుకున్నాడు.

మిట్టకి ఇవతల కారు ఆగింది.

ఆయన నా మీదుగా వంగి ఎడమ తలుపు తీశాడు. అలవాటు. చల్లటి గాలి లోపలికొచ్చింది.

“దిగకు పిచ్చుకా...” అన్నాడు. “ఈసారి దిగక్కర్లేదు.”

నా వైపే చూస్తున్నాడు. నన్ను చూడ్డంలేదు.

వేరేవాళ్ళ చోట కూర్చున్నానని అప్పుడు తెలిసింది నాకు. ఇంకొకరు వచ్చి నిలబడితే లేచి చోటిస్తాం చూడండి— అలా, ఆలోచన లేకుండా దిగిపోయాను. చప్పుడు చెయ్యలేదు. తలుపు నేను వెయ్యలేదు.

అది మూసుకుంది.

ఆయన చెయ్యి చాపి లాక్కున్నాడేమో. చీకట్లో నాకు కనబడలేదు.

కారు కదిలింది. ముందు చక్రాలు ఎక్కాయి... కడుపు గట్టు మీదికొచ్చింది... నేను చెవులు మూసుకున్నాను...

చప్పుడు లేదు. వెనక చక్రాలు మెత్తగా దిగాయి. అంతే.

నేను వెనక నుంచి నడిచి మావయ్య దగ్గరికొచ్చాను. ఆయన మోకాళ్ళ మీద లేచి, నొక్కుకుపోయిన మట్టికి కొలబద్ద ఆనించి, టార్చి వెలుగులో చూస్తున్నాడు.

“పన్నెండు! చెప్పానా? ఇద్దరికి పన్నెండు. చుక్క తేడా లేదు!” కారు వైపు తిరిగి అరిచాడు. “భయపడకుండా కూర్చున్నావే అమ్మాయ్, శభాష్!”

“మావయ్యా...”

ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. టార్చి నా మొహం మీద పడింది.

“నువ్వు...”

“నేను ముందే దిగిపోయాను.”

నన్ను చూశాడు. కారుని చూశాడు. మళ్ళీ మట్టి మీదికి వంగాడు. కొలబద్ద ఎన్నిసార్లు పెట్టినా పన్నెండే. కదిలే బండి నిలబడ్డ బండి కంటే కాస్త దిగుతుందని తర్వాత ఎవరెవరో చెప్పారు. అయ్యుండొచ్చు. ముప్ఫై ఏళ్ళు ఆ పనే చేసిన మావయ్యకి ఆ మాట తట్టలేదు ఆ రాత్రి.

మిట్ట అవతల కారు ఆగింది. ఎడమ తలుపు ఈసారి తెరుచుకోలేదు. కుడి తలుపు తెరుచుకుని ఆయన దిగాడు. నేను రోడ్డు మీదెందుకున్నానని కూడా అడగలేదు. మొహం తడిసిపోయి ఉంది, పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

“తగల్లేదన్నా! దిగకుండా దాటేసింది... ఈసారి మంచిదే ఎంచుకున్నాను కదన్నా?”

మావయ్య మోకాళ్ళ మీంచి లేవలేదు. టార్చి చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయింది. దాని వెలుగు కారు ఎడమ అద్దం మీద పడి ఆగింది. నేను అటు చూడలేకపోయాను.

“అప్పుడూ మంచిదే ఎంచుకున్నావు తమ్ముడూ.”

“అదేంటన్నా...”

“ఆ రోజు తనూ వచ్చింది షెడ్డుకి. స్టూలు మీద కూర్చుంది. ‘నేనూ కారెక్కి కూర్చోనా అన్నయ్యా, కొలతకి?’ అంది. అక్కర్లేదమ్మా, నా కన్నే త్రాసు అన్నాను. నిన్నొక్కడినే కూర్చోబెట్టి కొలిచాను. వారానికి మీరు తిరిగొచ్చారు. ఆరు బళ్ళు వరసలో ఉన్నాయి... తప్పు నాదని ఒప్పుకోడానికి నోరు రాలేదు. ఈ సెట్టు ఇంతకంటే లేవదన్నాను.” మిట్ట అవతలికి, ఆ మూసున్న తలుపు వైపు తలెత్తి అన్నాడు— “లేచేదే అమ్మా. రింగు నాలుగు చుట్లు తిప్పితే లేచేది. నాలుగే చుట్లు... నేనే తిప్పలేదు.”