అత్తగారికి వేరే కంచం

పొద్దున ఏడింటికే రూబీ రెండు కూరలు దించింది. పెద్ద గిన్నెలోది ఇంట్లో అందరికీ, చిన్న గిన్నెలోది అత్తగారు రత్నమణికి. అందులో ఉప్పు లేదు.

రత్నమణికి బీపీ ఎప్పటినుంచో ఉంది. మొన్నీమధ్య నందిగామలో డాక్టరు రక్తపరీక్షలు చూసి, ఒంట్లో లోలోపల వాపు ఉందనీ, బీపీతో కలిసి అది కిడ్నీలను దెబ్బతీస్తోందనీ చెప్పాడు. ఉప్పు మానకపోతే డయాలసిస్ తప్పదన్నాడు. రూబీ హడలిపోయి అత్తగారికి గిన్నె, కంచం, గ్లాసు అన్నీ విడిగా కొంది. పచ్చడి కంటబడితే నోరూరుతుందని వెనక వసారాలో పీట కూడా వేసింది. పాపం, ఎంత ప్రేమగా వేసిందో!

లోపల కొడుకు, కోడలు, మనవరాలు కబుర్లాడుతూ తింటుంటే, వసారాలో ఒంటరిగా కూర్చున్న రత్నమణికి ముద్ద దిగేది కాదు.

ఆదివారం జగ్గయ్యపేట చర్చిలో ప్రేమవిందు జరిగితే, రత్నమణి అందరితో కలిసి బంతిలో కూర్చుని తింది. సాయంత్రానికి ఆమె కాళ్లు పొంగాయి, తల తిరిగింది. కొడుకు రత్నబాబు మండిపడ్డాడు.

"ఉప్పు, పులుపు చూసుకోకుండా పులుసు పోసుకుని తిన్నావంట! కిడ్నీలు పోతే ఏంటమ్మా గతి?"

"పోతే పోనీరా."

"అంత మాటనకండి అత్తయ్యా!" రూబీకి ఏడుపొచ్చింది. "రోజూ మీకు విడిగా వండిపెడుతున్నా కదా. అక్కడ అంత రుచేముందండీ?"

"రుచి కాదమ్మా. పక్కన మనుషులున్నారు."

రత్నమణి వాచిన కాళ్లు నిమురుకుంటూ చెప్పుకొచ్చింది.

"పెనుగంచిప్రోల్లో మా అమ్మతో మిరపకోతకి పోయేదాన్ని. రైతుగారింట్లో మాకోసం చూరులో ఓ గ్లాసు దోపి ఉంచేవాళ్లు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. టీచరునయ్యాక అది మర్చిపోయాననుకున్నా. నువ్వు నా కంచం విడిగా బోర్లిస్తుంటే అదే గుర్తొస్తోంది. నా మంచికే చేశావని తెలుసు తల్లీ. తెలిసినా మింగుడు పడట్లా."

రూబీ చూపు వసారాలో బోర్లించిన కంచం మీద పడింది. చిల్లకల్లులో వాళ్ల అమ్మమ్మా అలాంటి గ్లాసుతోనే తాగింది. ఆ సంగతి తెలిసి కూడా తనకెలా తట్టలేదు!

"నా బుద్ధి గడ్డి తిందత్తయ్యా," అంటూ రత్నమణి ఒళ్లో తల పెట్టి భోరుమంది.

మర్నాడు ఒక్కటే కూర, ఉప్పు వేయకుండా వండింది. ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే ఉంచి, కావలసినవాళ్లు వేసుకోమంది.

"నాకోసం మీరంతా చప్పిడి తినాలా?" అంది రత్నమణి మొహమాటంగా.

"మాకేం కాదులే, కూర్చోమ్మా," అన్నాడు రత్నబాబు, జరిగి చోటిస్తూ.

వంటింట్లో నలుగురికీ చోటు చాలక మోకాళ్లు తగులుతున్నాయి. రత్నమణి కళ్లు తుడుచుకుంటూనే కడుపునిండా తింది.